చిన్న ఆపరేషనే కావచ్చు, చిన్న మత్తు అంటూ లేదు

పూర్తి మత్తుతో ఆపరేషన్‌కు వచ్చేవారికీ, వారి ఇంటివారికీ



"చిన్న ఆపరేషనే కదండీ, దీనికి ఇన్ని పరీక్షలు, ఇన్ని ప్రశ్నలు ఎందుకు?" ఓ.పి.లో తరచుగా వినిపించే మాట ఇది. ఇందులో సగం నిజముంది. టాన్సిల్స్, హెర్నియా, రొమ్ములో చిన్న గడ్డ వంటివి సాధారణంగా గంటా, గంటన్నరలో ముగిసే పనులే. కుట్లు కొద్దిగానే పడతాయి. చాలామంది అదే రోజు గానీ మరునాడు గానీ ఇంటికి వెళ్ళిపోతారు.

మిగతా సగం గురించే ఈ వ్యాసం. పూర్తి మత్తు, అంటే జనరల్ అనస్థీషియా ఇచ్చినప్పుడు ఆపరేషన్ పది నిమిషాలదైనా మూడు గంటలదైనా శరీరంలో జరిగే మార్పు ఒక్కటే. స్పృహ పోతుంది. నొప్పి తెలియదు. గొంతులో ఏదైనా అడ్డం పడితే దగ్గి బయటికి తోసే శక్తి ఉండదు. కండరాలు వదులవుతాయి. చాలాసార్లు ఊపిరి కూడా ఇంకొకరు ఆడించవలసి వస్తుంది. అందుచేత ఆపరేషన్‌లో చిన్నది ఉంది గానీ మత్తులో చిన్నది లేదు. ఈ సంగతి డాక్టరుకు తెలిస్తే సరిపోదు, పేషెంటుకూ తెలియాలి. ఎందుకంటే మత్తు క్షేమంగా జరగడంలో కొంత భాగం పేషెంటు చేతిలోనే ఉంది.

కాలి గోరు తీయబోతే

ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర విన్లటన్ అనే ఊరిలో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి ఉండేది. కాలి బొటనవేలి గోరు లోపలికి పెరిగి బాధపెడుతోంది. 1848 జనవరి 28న ఆ గోరు తీయడానికి డాక్టర్లు ఇంటికే వచ్చారు. కొద్ది నెలల క్రితం ఇంకో వేలికి ఈథర్ మత్తుతో ఇటువంటి ఆపరేషనే జరిగింది, ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి కొత్తగా వచ్చిన క్లోరోఫాం ఇచ్చారు. గుడ్డమీద చుక్కలు వేసి ముక్కు దగ్గర పెట్టారు. కొద్ది నిమిషాలలోనే ఆ పిల్ల ప్రాణం పోయింది. క్లోరోఫాం వల్ల జరిగిన మరణంగా వైద్య చరిత్రలో మొదట నమోదయినది ఇదే.

భయపెట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆనాడు మత్తు ఇచ్చినవారి దగ్గర ఆక్సిజన్ సిలిండరు లేదు, బి.పి. చూసే సాధనం లేదు, గుండె ఆగితే తిరిగి నడిపించే మార్గం లేదు. ఈనాడు ఇవన్నీ ఉన్నాయి. ఆరోగ్యవంతులకు చిన్న ఆపరేషన్లలో మత్తు వల్ల ప్రాణాపాయం బహు అరుదు. కాని ఆ క్షేమం దానంతట అది రాలేదు. 'చిన్న పనికి కూడా పూర్తి జాగ్రత్త' అనే పాఠం నేర్చుకున్నందువల్ల వచ్చింది.

ముగ్గురు పేషెంట్లు అనుకుందాం

విషయం సులువుగా అర్థం కావడానికి ముగ్గురిని ఊహించుకుందాం. హిందూపురం నుండి ఒక గృహిణి. వయసు 40, షుగరు ఉంది, రొమ్ములో చిన్న గడ్డ తీయించుకోవాలి. పెనుకొండ నుండి ఒక ఏడేళ్ళ బాబు. ఏడాదిలో ఎన్నోసార్లు టాన్సిల్స్ వాచి జ్వరం వచ్చింది. ధర్మవరం నుండి మగ్గం నేసే ఒక నేతన్న. గజ్జలో హెర్నియా ఉంది, లాప్రోస్కోపీ పద్ధతిలో చేస్తారు కనుక పూర్తి మత్తు ఇవ్వాలి.

మూడు ఊళ్ళూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ముగ్గురి ఆపరేషన్లు వేరైనా మత్తు డాక్టరు అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకటే.

దాచకుండా చెప్పవలసినవి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు మిమ్మల్ని చూస్తారు. నోరు తెరవమంటారు, మెడ వంచమంటారు, గుండె, ఊపిరితిత్తులు పరీక్షిస్తారు. గొంతులో గొట్టం సులువుగా వెళ్తుందో లేదో తెలుసుకోవడానికే నోరు, మెడ చూసేది. అప్పుడు ఈ సంగతులు మీ అంతట మీరే చెప్పండి.

- బి.పి., షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, థైరాయిడ్ ఏవైనా ఉన్నాయా?
- రోజూ వేసుకునే మాత్రలు ఏవి? చీటీ లేకపోతే మాత్రల అట్టలే తీసుకురండి. నాటు మందులు, కషాయాలు కూడా చెప్పండి.
- ఏ మందుకైనా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?
- ఇంతకుముందు మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ మత్తు ఇచ్చినప్పుడు కష్టం కలిగిందా?
- కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు ఉన్నాయా?
- బీడీ, సిగరెట్, గుట్కా, మద్యం అలవాటు ఉందా?
- ఆడవారైతే, గర్భవతి అయ్యే అవకాశం ఉందా?

చివరి రెండు ప్రశ్నల దగ్గరే చాలామంది నోరు మెదపరు. పక్కన మామగారో, సంఘ పెద్దలో ఉంటే అసలే చెప్పరు. అటువంటప్పుడు "డాక్టరుగారితో ఒంటరిగా మాట్లాడాలి" అని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది. పొగ తాగేవారి ఊపిరితిత్తులలో కఫం ఎక్కువ, మత్తులో దగ్గు, ఆయాసం వచ్చే అవకాశమూ ఎక్కువ. రోజూ తాగేవారికి మత్తుమందు మోతాదు మారవచ్చు. అకస్మాత్తుగా మానేసి వస్తే ఆపరేషన్ తరువాత వణుకు, కలవరింత రావచ్చు. డాక్టరు అడిగేది తీర్పు తీర్చడానికి కాదు, మందు లెక్క కట్టడానికి.

మన ముగ్గురిలో హిందూపురం గృహిణి షుగరు మాత్రల గురించి ముందే అడగాలి. ఖాళీ కడుపుతో ఉన్న ఉదయం షుగరు మందు మామూలుగా వేసుకుంటే షుగరు మరీ పడిపోవచ్చు. బి.పి. మాత్రలలో చాలావాటిని ఆ ఉదయం కూడా ఒక గుక్క నీటితో వేసుకోమంటారు, కొన్నింటిని ఆపమంటారు. రక్తం పలచబడే మాత్రలకు వేరే లెక్క ఉంది. ఏది వేసుకోవాలో, ఏది మానాలో మీ అంతట మీరు నిర్ణయించుకోకండి. కాగితం మీద రాయించుకోండి.

పెనుకొండ బాబుకు ఆ వారం జలుబు, దగ్గు, జ్వరం ఉంటే తల్లిదండ్రులు దాచకూడదు. సెలవు పెట్టి వచ్చాము, మళ్ళీ రావడం కష్టం అని దాస్తే, మత్తులో పిల్లవాడి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. తేదీ మార్చుకోవచ్చు, ఊపిరితో పందెం వేయకూడదు.

ఖాళీ కడుపు ఎందుకు?

"నీరసంగా ఉంటాడు, రెండు బిస్కెట్లయినా పెట్టనీయరా?" అని పిల్లల అవ్వలు బాధపడతారు. ఆ ప్రేమను తప్పు పట్టలేము. కాని కారణం తెలిస్తే వారే కాపలా ఉంటారు.

మనం మెలకువగా ఉన్నప్పుడు కడుపులోనిది పైకి తన్నుకొస్తే దగ్గి, కక్కి బయటపడతాము. మత్తులో ఆ రక్షణ ఉండదు. కడుపులోని అన్నం, పులుపు నీరు గొంతులోకి వచ్చి నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. న్యూయార్క్ డాక్టరు కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల రికార్డులు పరిశీలించి 1946లో ఒక వ్యాసం రాశారు. వారిలో మత్తు ఇచ్చినప్పుడు 66 మందికి కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయింది. గట్టి ఆహారం అడ్డుపడి ఇద్దరు తల్లులు మరణించారు. ఖాళీ కడుపు నియమం ప్రపంచమంతటా గట్టిపడటానికి ఆ పరిశీలన ఒక ముఖ్య కారణం.

సాధారణంగా పాటించే లెక్క ఇది.

- నూనె, మాంసం ఉన్న భోజనం, వేపుళ్ళు: ఆపరేషన్‌కు కనీసం 8 గంటల ముందే ముగించాలి.
- ఇడ్లీ వంటి తేలిక ఆహారం, ఆవు పాలు, గేదె పాలు: 6 గంటలు.
- తల్లి పాలు: 4 గంటలు.
- మంచినీళ్ళు: 2 గంటలు.

పాలు కలిపిన కాఫీ, టీ నీళ్ళ లెక్కలోకి రావు, పాల లెక్కలోకి వస్తాయి. గంజి, మజ్జిగ, రాగి జావ కూడా ఆహారమే. రాత్రి సంగటి తిని పడుకుని, ఉదయం ఏమీ ముట్టకుండా వస్తే మంచిదే. కాని తెల్లవారుజామున బస్టాండులో ఉగ్గాని తిని, "నిన్నటి నుండి ఏమీ తినలేదు" అని చెప్పడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒకవేళ తిన్నా, పిల్లవాడు ఎవరూ చూడకుండా ఏదైనా నోట్లో వేసుకున్నా వెంటనే నర్సుతో చెప్పండి. ఎవరూ కోప్పడరు. ఆపరేషన్ కొన్ని గంటలు ఆలస్యం చేస్తారు, లేదా మరునాటికి మారుస్తారు, అంతే. మీ జబ్బును బట్టి ఈ గంటలు మారవచ్చు కనుక మీకు చెప్పిన వేళనే పాటించండి.

థియేటర్ లోపల

నగలు, ముక్కుపుడక, మెట్టెలు, కట్టుడు పళ్ళు తీసి ఇంటివారికి ఇవ్వాలి. గోళ్ళ రంగు తుడిచేయాలి. వేలికి తగిలించే క్లిప్పు గోరు గుండా వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. రంగు ఉంటే అది తప్పు లెక్క చూపవచ్చు. పల్స్ ఆక్సీమీటర్ అనే ఈ సాధనానికి మూలమైన ఆలోచన జపాన్ ఇంజనీరు తకువో అవోయాగిది, 1974 నాటిది.

లోపల చలిగా ఉంటుంది. మీ పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని ఒకరి తరువాత ఒకరు అడుగుతారు. "వీరికి నా సంగతే తెలియదా?" అని కంగారు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన భద్రతా జాబితాలో ఈ అడగడం ఒక భాగం. ధర్మవరం నేతన్నకు హెర్నియా కుడివైపా, ఎడమవైపా అన్నది అతని నోటితోనే చెప్పించుకోవడం అందరికీ క్షేమం.

తరువాత ఛాతీకి స్టిక్కర్లు, చేతికి బి.పి. పట్టీ, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. చేతి సూది ద్వారా మందు ఎక్కిస్తారు. ఎక్కువగా వాడే ప్రొపొఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది, ఎక్కేటప్పుడు చెయ్యి కొంచెం మండవచ్చు. అరనిమిషమో, నిమిషమో, ఆపైన ఏమీ తెలియదు. సూదికి భయపడే పిల్లలకు మాస్కు ద్వారానే మత్తు పీల్పిస్తారు.

అక్కడి నుండి మీకు జ్ఞాపకం లేని సమయం మొదలవుతుంది. మంచం తలవైపు ఒక డాక్టరు ఉండి మీ ఊపిరి, నాడి, బి.పి., ఆక్సిజన్ చూస్తూనే ఉంటారు. మందు ఒక్కసారి ఇచ్చి వెళ్ళిపోవడం కాదు, ఆపరేషన్ ముగిసేదాకా కొలిచి ఇస్తూనే ఉండాలి.

ఈ కాపలా ఎలా ఉండాలన్న ప్రశ్న మీద ఒకప్పుడు మన తెలుగు నేల మీదే పెద్ద పరిశోధన జరిగింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ అక్కడి వైద్య పాఠశాలకు అధిపతి. అదే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు అని ఆయన నమ్మకం. దానిని తేల్చడానికి 1888లో ఒక కమిషన్, 1889లో రెండవ కమిషన్ కూర్చున్నాయి. రెండవ దానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌన్లు ఇచ్చారు. లాన్సెట్ పత్రిక లండన్ నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుణ్ణి పంపింది. వందలాది జంతువులపై పరీక్షలు చేసి, మొదట ఆగేది ఊపిరేనని లారీని సమర్థించారు. కాని 1911లో లండన్‌లో గుడ్‌మన్ లీవీ చేసిన పరీక్షలలో, క్లోరోఫాం గుండెను కూడా అకస్మాత్తుగా ఆపగలదని రుజువయింది. ఊపిరిని కనిపెట్టుకోవాలన్న లారీ మాట నిలిచింది, అది ఒక్కటే చాలన్న మాట నిలవలేదు. అందుకే ఈనాడు రెండింటినీ కనిపెడతారు. క్లోరోఫాం ఎప్పుడో మూలపడింది. ఆ హైదరాబాదు పాఠశాలలో చదివి, మత్తు ఇవ్వడమే తన వృత్తిగా చేసుకున్న రూపాబాయి ఫర్దూంజీని మాత్రం ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా నేటికీ స్మరిస్తారు.

మెలకువ వచ్చిన తరువాత

చాలామంది మొదట అడిగే మాట "ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అని. అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. నిద్రలో కాలం కొంతైనా తెలుస్తుంది. మత్తులో బొత్తిగా తెలియదు.

మెలకువతో పాటు ఇవి రావచ్చు: వణుకు, కడుపులో వికారం, నోరు ఎండిపోవడం, గొట్టం పెట్టినందువల్ల గొంతు గరగర, ఒళ్ళు నొప్పులు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. వికారానికి, నొప్పికి మందులున్నాయి. ఓర్చుకోవడం గొప్పతనం అనుకుని నోరు మూసుకోకండి, నర్సును పిలవండి. పిల్లలు కొందరు లేవగానే ఎవరినీ గుర్తుపట్టనట్టు ఏడ్చి గింజుకుంటారు. పెనుకొండ బాబు అలా చేస్తే వాళ్ళమ్మ కంగారు పడకూడదు. పక్కన కూర్చుని నెమ్మదిగా పలకరిస్తే సాధారణంగా అరగంటలో సర్దుకుంటాడు. అయితే టాన్సిల్స్ తీసిన పిల్లలు మాటిమాటికీ గుటకలు వేస్తుంటే, ఎర్రని రక్తం ఉమ్మితే వెంటనే చెప్పాలి.

ఇంటికి వెళ్ళాక 24 గంటలు

లేచి కూర్చున్నాము, కాఫీ తాగాము, మత్తు దిగిపోయింది అనిపిస్తుంది. కాని మందు ఛాయ ఒంట్లో ఇంకా ఉంటుంది. అందుచేత ఒక రోజంతా:

- బైకు, ఆటో, ట్రాక్టరు నడపకూడదు. తోడు లేకుండా బస్సు, రైలు ఎక్కకూడదు.
- పొయ్యి దగ్గర, బావి దగ్గర, మోటారు దగ్గర ఒంటరిగా పని చేయకూడదు.
- మద్యం, డాక్టరు రాయని నిద్రమాత్రలు ముట్టకూడదు.
- భూమి కాగితాల మీద, అప్పు పత్రాల మీద సంతకం పెట్టకూడదు.
- పెద్దవారొకరు రాత్రి పక్కనే ఉండాలి.

మగ్గం గుంతలో కూర్చుని రోజంతా కాళ్ళతో తొక్కే పని నేతన్నది. మత్తు ఒక రోజులో దిగినా హెర్నియా కుట్లు అంత త్వరగా గట్టిపడవు. చీర గడువు దగ్గర పడిందని ముందే కూర్చోకుండా, ఎన్నాళ్ళు ఆగాలో సర్జను చెప్పినట్టు ఆగాలి. ఆ రోజుల కూలి పోతుందన్నది నిజమైన కష్టం. కనుక ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందే షావుకారుతోను, ఇంట్లోను మాట్లాడుకోవడం మేలు.

ఆగని వాంతులు, ఆయాసం, జ్వరం, కట్టు తడిసేలా రక్తం, మూత్రం రాకపోవడం, పిక్కలో వాపు నొప్పి - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి.

మీరు అడిగే ప్రశ్నలు

"మధ్యలో మెలకువ వస్తే?" బ్రిటన్, ఐర్లండ్ దేశాలలో జరిపిన పెద్ద పరిశీలన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పూర్తి మత్తులో మెలకువ వచ్చిందని చెప్పినవారు సుమారు 19,000 మందిలో ఒక్కరు. ఎప్పుడైనా మీకు అలా జరిగి ఉంటే తప్పక చెప్పండి.

"మత్తులో ఇంటి గుట్టు బయటపెడతామేమో?" పూర్తి మత్తులో మాట రాదు. లేచేటప్పుడు ఒకటి రెండు పొంతన లేని మాటలు రావచ్చు. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

"బుద్ధి మందగిస్తుందా?" ఆరోగ్యంగా ఉన్నవారికి చిన్న ఆపరేషన్ తరువాత ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండి సర్దుకుంటుంది. వయసు మళ్ళినవారిలో తికమక కొన్నాళ్ళు ఉండవచ్చు. కళ్ళద్దాలు, వినికిడి మిషను వెంటనే ఇచ్చి, తెలిసిన మనిషి పక్కన ఉంటే త్వరగా కుదుటపడతారు.

"విశ్వాసికి మత్తు తగునా?" ఈ ప్రశ్న పాతది. స్కాట్లండులో 1847లో క్లోరోఫాంను వైద్యంలోకి తెచ్చిన జేమ్స్ సింప్సన్‌ను కూడా కొందరు ఇదే అడిగారు. ఆయన అదే ఏడాది జవాబుగా ఒక పుస్తకం రాసి, ఆదికాండము 2:21 చూపించాడు. ఆదాము ప్రక్కటెముక తీయక ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడు కదా, నొప్పి తెలియకుండా చేయడం దైవవిరుద్ధం ఎలా అవుతుంది అని ఆయన వాదన.

థియేటర్‌కు వెళ్ళే ముందు ప్రార్థన కావాలంటే అడగండి, ఏ మతంవారైనా సరే, వద్దంటే బలవంతం లేదు. ప్రార్థన గుండెకు ధైర్యం ఇస్తుంది. ఖాళీ కడుపుతో, దాపరికం లేని మాటతో రావడం మాత్రం మన వంతు పని. ఒకటి చేసి రెండవది మానకూడదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉంటే ఈ పేజీని అందరికీ చదివి వినిపించండి. ముఖ్యంగా వంట చేసేవారికీ, పిల్లవాడి అవ్వకూ, తోడు వచ్చేవారికీ. మాత్రల అట్టలు, పాత చీటీలు ఒక సంచిలో ఈ రాత్రే సర్దిపెట్టండి. ప్రభువు మీకు స్వస్థతను, మీ ఇంటివారికి సమాధానమును దయచేయును గాక.